కాన్పులో చీలిక పడుతుందన్న భయం – కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

నెలలు నిండుతున్న కొద్దీ గర్భిణికి రకరకాల భయాలు కలుగుతాయి. బిడ్డ ఆరోగ్యంగా ఉంటుందా, నొప్పులు ఓర్చుకోగలనా, అర్ధరాత్రి నొప్పులు మొదలైతే ఆసుపత్రికి ఎలా చేరాలి అన్న సంగతులు ఆమె ఇంట్లో అందరితో మాట్లాడుతుంది. ఒక్క భయాన్ని మాత్రం లోపలే దాచుకుంటుంది. "బిడ్డ బయటికి వచ్చేటప్పుడు కింద చిరిగిపోతుందట, కుట్లు వేస్తారట" అన్నదే ఆ భయం. సిగ్గు వలన తల్లితో చెప్పలేదు, అత్తగారితో అసలే చెప్పదు. చివరికి తొమ్మిదో నెలలో "నాకు నార్మల్ వద్దు, ఆపరేషనే చేయించండి" అని భర్తను బతిమాలుతుంది. ఆమె ఎందుకు అలా అంటున్నదో ఇంట్లోవారికి అర్థం కాదు.

పేట్ బషీరాబాద్, కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో బతుకుతెరువు కోసం జిల్లాల నుండి వచ్చి అద్దె ఇళ్ళలో ఉంటున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. పెద్దవాళ్ళు ఊళ్ళో ఉంటారు. దగ్గర కూర్చుని నిదానంగా చెప్పేవారు లేక, పక్క పోర్షను వాళ్ళ మాటలు, ఫోనులో చూసిన వీడియోలే ఆ అమ్మాయికి ఆధారం అవుతాయి. అందుకే ఈ వ్యాసం గర్భిణితో పాటు ఆమె తల్లి, అత్త, భర్త, ఆడపడుచు కూడా చదవాలి.

ఈ భయం పిరికితనం కాదు

కాన్పు అంటే విపరీతంగా భయపడే స్థితికి వైద్యశాస్త్రంలో ఒక పేరే ఉంది. 2000 సంవత్సరంలో బ్రిటన్‌కు చెందిన హాఫ్‌బర్గ్, బ్రాకింగ్‌టన్ అనే మానసిక వైద్యులు దానిని "టోకోఫోబియా" అన్నారు. కొందరిలో ఈ భయం నిద్ర పట్టనివ్వదు, తిండి తిననివ్వదు. కొందరు గర్భం దాల్చడానికే వెనకాడతారు. చాలామందికి ఇంత తీవ్రంగా ఉండదు. విషయం సరిగా తెలిస్తే, వినేవారు ఒకరు ఉంటే తగ్గిపోతుంది.

భయం శరీరం మీద కూడా పనిచేస్తుంది. భయపడిన మనిషి పళ్ళు బిగించినట్టే, కాన్పు సమయంలో భయపడిన స్త్రీ తొడలు, కటి కండరాలు బిగబడతాయి. బిగుసుకున్న చోట నొప్పి ఎక్కువ అనిపిస్తుంది. నొప్పి ఎక్కువైతే భయం ఇంకా పెరుగుతుంది. కనుక భయాన్ని తగ్గించడం కూడా కాన్పు వైద్యంలో ఒక భాగమే.

భయంతో ఆపరేషన్ కోరవచ్చునా?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి 100 కాన్పులలో దాదాపు 61 సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రులలో అయితే 100కు 81కి పైనే. ఇందుకు కారణాలు అనేకం. ముహూర్తాలు చూసుకోవడం, ముందు కాన్పు ఆపరేషన్ కావడం వంటి వాటితో పాటు నొప్పి భయం, చీలిక భయం కూడా వాటిలో ఉన్నాయి.

బిడ్డ అడ్డం తిరిగినా, మాయ కిందికి ఉన్నా, బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గినా సిజేరియన్ ప్రాణాలు కాపాడుతుంది. అప్పుడు సందేహించకూడదు. కాని కింద చిన్న చీలికను తప్పించుకోవడానికి మాత్రమే ఆపరేషన్ కోరేవారు ఒక సంగతి ఆలోచించాలి. సిజేరియన్‌లో పొట్ట పొరలను, గర్భసంచిని కోసి బిడ్డను తీస్తారు. కుట్లు అక్కడా ఉంటాయి, అవి ఇంకా పెద్దవి. లేచి నడవడానికి, బిడ్డను ఎత్తుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. తరువాతి గర్భంలో మాయ ఆ మచ్చకు అతుక్కుపోయే ప్రమాదం కూడా కొంత పెరుగుతుంది. ఈ రెండు పక్కలూ డాక్టరుతో మాట్లాడి తెలుసుకున్న తరువాతే నిర్ణయానికి రావాలి. అంతా విన్న తరువాత కూడా ఆమె భయం తగ్గకపోతే దానిని కొట్టిపారేయకండి. ఆమె మాటను డాక్టరు ముందు గౌరవంగా ఉంచండి.

చీలిక అంటే ఏమిటి?

యోని ద్వారానికి, మలద్వారానికి మధ్య ఉన్న చర్మం, దాని కింది కండరం బిడ్డ తల వచ్చేటప్పుడు బాగా సాగుతాయి. సాగడం చాలని చోట చీలుతుంది. ఇందులో నాలుగు స్థాయిలు ఉన్నాయి.

మొదటిది: చర్మం వరకే గీరుకుంటుంది. చాలాసార్లు కుట్టు కూడా అవసరం ఉండదు.

రెండవది: చర్మంతో పాటు కండరం చీలుతుంది. కుట్లు వేస్తారు. కొద్ది వారాలలో మానిపోతుంది.

మూడవది: మలద్వారాన్ని బిగించి ఉంచే కండరం వరకు చీలిక వెళుతుంది.

నాలుగవది: మలద్వారం లోపలి పొర వరకు వెళుతుంది.

బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ లెక్కల ప్రకారం, తొలి కాన్పు స్త్రీలలో 10 మందికి 9 మందికి ఏదో ఒక గీత, చీలిక లేదా కోత పడుతుంది. ఇది చదివి కంగారు పడకండి. వాటిలో ఎక్కువ భాగం మొదటి రెండు స్థాయిలే. మూడవ, నాలుగవ స్థాయి చీలికలు తొలి కాన్పులో 100 మందికి సుమారు ఆరుగురికి, అంతకు ముందు నార్మల్ కాన్పు అయినవారిలో 100కు ఇద్దరికంటే తక్కువ మందికి పడతాయి. అలాంటివి పడినప్పుడు ఆపరేషన్ థియేటరులో మత్తు ఇచ్చి జాగ్రత్తగా కుడతారు. అలా కుట్టించుకున్న 10 మందిలో 6 నుండి 8 మంది ఏడాది తిరిగేసరికి ఏ ఇబ్బందీ లేకుండా ఉంటారు. మిగిలినవారికీ వైద్యం ఉంది.

బిడ్డ బరువు 4 కిలోలు దాటడం, బిడ్డ ముఖం పైకి తిరిగి ఉండడం, ముక్కే దశ చాలాసేపు సాగడం, పట్టకారు వంటి పరికరంతో బిడ్డను తీయవలసి రావడం వలన పెద్ద చీలికకు అవకాశం పెరుగుతుంది. ఇవేవీ తల్లి తప్పులు కావు. "నువ్వు సరిగా ముక్కలేదు, అందుకే చిరిగింది" అని ఎవరూ అనకూడదు.

"ముందే కోస్తే మంచిది కదా?"

పూర్వం తొలి కాన్పు అంటే దాదాపు అందరికీ కోత పెట్టేవారు. దీనిని ఎపిసియాటమీ అంటారు. ముందుగా కోస్తే పెద్ద చీలిక పడదని అనుకునేవారు. అందరికీ అలా కోయడం వలన మేలు లేదని తరువాత తేలింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అందరికీ అలవాటుగా కోత పెట్టవద్దని చెప్పింది. బిడ్డను త్వరగా బయటికి తీయవలసి వచ్చినప్పుడు, పరికరం వాడవలసినప్పుడు కోత అవసరం కావచ్చు. అప్పుడు ఆ చోటికి మత్తు సూది ఇచ్చి, ఆమెకు చెప్పి కోస్తారు. కుట్లు వేసేటప్పుడు కూడా మత్తు ఇస్తారు. నొప్పి తెలుస్తుంటే "ఇంకొంచెం మత్తు ఇవ్వండి" అని అడగడం ఆమె హక్కు.

ముందుగా చేయగలిగినవి

1. కండరాల వ్యాయామం: మూత్రం, గాలి ఆపుకుంటున్నట్టుగా కింది కండరాలను బిగించి, 5 లెక్కపెట్టి వదలాలి. ఒకసారికి 10 చొప్పున రోజుకు మూడుసార్లు చేయాలి. కూర్చునీ చేయవచ్చు, పడుకునీ చేయవచ్చు. బిగించడం ఎంత ముఖ్యమో పూర్తిగా వదలడం కూడా అంతే ముఖ్యం. కాన్పు సమయంలో పనికి వచ్చేది ఆ వదలడమే.

2. నూనెతో మర్దన: 35వ వారం నుండి వారానికి ఒకటి రెండుసార్లు చేస్తే చాలు. గోళ్ళు కత్తిరించుకుని, సబ్బుతో చేతులు కడుక్కుని, శుభ్రమైన కొబ్బరినూనెతో యోని ద్వారపు కింది భాగాన్ని బొటనవేలితో మెల్లగా కిందికి, పక్కలకు సాగదీయాలి. దీనివలన తొలి కాన్పు స్త్రీలలో కుట్లు అవసరమయ్యే గాయాలు కొంత తగ్గుతాయని పరిశోధనలలో తేలింది. మాయ కిందికి ఉన్నా, రక్తస్రావం అవుతున్నా, ఉమ్మనీరు పోయినా, అక్కడ పుండు గాని ఇన్ఫెక్షన్ గాని ఉన్నా చేయకూడదు. మొదలుపెట్టే ముందు డాక్టరును లేదా నర్సును అడగండి.

3. మాట్లాడడం: పరీక్షకు వచ్చినప్పుడు "నాకు చీలిక గురించి భయంగా ఉంది" అని ఒక్క మాట చెప్పమనండి. ఆమె చెప్పలేకపోతే, ఆమెను అడిగి, మీరు చెప్పండి. నర్సుతో ఒంటరిగా మాట్లాడే అవకాశం ఇవ్వండి.

కాన్పు గదిలో

బిడ్డ తల కనిపించే సమయంలో గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను కింద అదిమి ఉంచితే పెద్ద చీలికలు తగ్గుతాయి. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవడం కొందరికి సుఖంగా ఉంటుంది. తల బయటికి వచ్చే క్షణంలో నర్సు "ఇప్పుడు ముక్కకు, చిన్నగా ఊపిరి వదులు" అంటుంది. ఆ మాట వింటే తల నెమ్మదిగా వస్తుంది, చర్మానికి సాగే సమయం దొరుకుతుంది. ఇది ముందే తెలిసిన అమ్మాయి ఆ సమయంలో గాభరా పడదు.

హైదరాబాదులో 1948 నుండి ఉన్న ఫెర్నాండెజ్ ఆసుపత్రి ఇటువంటి పద్ధతులలో మిడ్‌వైఫరీ శిక్షణను 2011లో ప్రారంభించింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ సంస్థ కలిసి కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు ఈ శిక్షణ మొదలుపెట్టాయి. కాన్పు అంతసేపూ పక్కనే ఉండి ధైర్యం చెప్పడం మిడ్‌వైఫ్ పనిలో ముఖ్యమైన భాగం.

తోడుగా ఇంటి మనిషి కూడా ఉండవచ్చు. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు గదిలోకి ఒక తోడు మనిషిని అనుమతించింది. ఆమె స్వయంగా కాన్పు అయిన స్త్రీ అయి ఉండాలి, అంటువ్యాధులు ఉండకూడదు, శుభ్రమైన బట్టలు వేసుకోవాలి. మీరు వెళ్ళే ఆసుపత్రిలో ఏ పద్ధతి ఉందో ముందుగానే అడగండి. తోడుగా వెళ్ళే మనిషి గట్టి గుండె గలదై ఉండాలి. ఏడ్చే మనిషిని పంపవద్దు.

మీ మాట ఎలా ఉండాలి?

"మేము పదిమందిని కనలేదా?" అనకండి. "నాకు ఇరవై కుట్లు పడ్డాయి, నెల రోజులు కూర్చోలేకపోయాను" అని కథలు చెప్పకండి. "ఏమీ కాదు, ఊరుకో" అని కూడా తోసివేయకండి. "నీకు దేని గురించి భయంగా ఉందమ్మా?" అని అడిగి, పూర్తిగా వినండి. "చిన్న చీలిక పడితే మత్తు ఇచ్చి కుడతారు, మానిపోతుంది, నేను నీ దగ్గరే ఉంటాను" అనండి. ఇందులో అబద్ధం లేదు, ధైర్యం ఉంది.

కాన్పు తరువాత

కుట్లు సాధారణంగా కరిగిపోయే దారంతోనే వేస్తారు, విప్పవలసిన పని ఉండదు. మొదటి రోజులలో నొప్పి, మూత్రం పోసేటప్పుడు మంట ఉంటాయి. మూత్రం పోసేటప్పుడు మగ్గుతో నీళ్ళు పోసుకుంటే మంట తగ్గుతుంది. ప్రతిసారీ ముందు నుండి వెనుకకు కడుక్కుని, మెత్తటి శుభ్రమైన గుడ్డతో అద్దుకోవాలి. ప్యాడును తరచుగా మార్చాలి. డాక్టరు ఇచ్చిన నొప్పి మాత్రలు వేసుకోవాలి.

మన ఇళ్ళలో బాలింతకు నీళ్ళు తక్కువ ఇస్తారు. కుట్లకు చీము పడుతుందని పప్పు, కూరగాయలు మాన్పిస్తారు. ఇది మంచిది కాదు. నీళ్ళు, పీచు తక్కువైతే మలబద్ధకం వస్తుంది. ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. గాయం మానడానికి పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూరలు కావాలి. కుట్ల మీద పసుపు, బూడిద, ఆకుపసర్లు పెట్టకండి. నిప్పుల సెగ తగలనివ్వకండి.

ఈ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి: జ్వరం, దుర్వాసన లేదా చీము, రోజురోజుకు పెరిగే నొప్పి, కుట్లు విడిపోవడం, గంటలోపే ప్యాడు తడిసిపోయేంత రక్తస్రావం, మూత్రం రాకపోవడం, మలం గాని గాలి గాని ఆపుకోలేకపోవడం. చివరిది చాలామంది సిగ్గుతో సంవత్సరాల తరబడి దాస్తారు. అది చెప్పుకోవలసిన జబ్బు, దానికి వైద్యం ఉంది. వాహనం లేకపోతే 108కి ఫోను చేయండి.

కాన్పు అయ్యాక కూడా భయం, పీడకలలు, దిగులు వదలకపోతే 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ముందు కాన్పులో పెద్ద చీలిక పడినవారు మళ్ళీ గర్భం వస్తే మొదటి పరీక్షలోనే ఆ సంగతి చెప్పాలి. మళ్ళీ అలాంటి చీలిక 100 మందిలో 5 నుండి 7 మందికే పడుతుంది. ఎలాంటి కాన్పు మంచిదో డాక్టరుతో కలిసి నిర్ణయించుకోవచ్చు.

మీ ఇంటి అమ్మాయి నోరు విప్పి చెప్పని ఈ భయాన్ని మీరే ముందుగా అడగండి. తొమ్మిదో నెల వరకు ఆగవద్దు. తరువాతి పరీక్షకు తీసుకువచ్చే రోజునే అడగండి.