జీతమెంత అని కాదు... మిగిలేదెంత అని అడగండి!

మా ధర్మవరంలో అమెరికా సంబంధం వచ్చిందంటే చాలు, ఆడపిల్ల తరఫువాళ్ళు అడిగే మొదటి మాట "అబ్బాయి జీతమెంత?" అనే. చెప్పిన డాలర్లను అక్కడికక్కడే రూపాయల్లోకి మార్చేసి, కోటి దాటిందని మురిసిపోతాం. ఎక్కువ జీతం ఇచ్చే ఊరే మంచి ఊరని తీర్మానించేస్తాం. ఆ దేశంలో ఊరికీ ఊరికీ ఖర్చుల్లో ఎంత తేడా ఉందో మాత్రం ఎవరం అడగం.

చీరల దగ్గర మనం ఇలా లెక్క తప్పం. నేను పట్టుచీరల అంగడిలో పద్దులు రాస్తాను. చీర ఇరవై వేలకు అమ్ముడుపోతే నేసినవాళ్ళకు ఇరవై వేలు వచ్చాయని మా ఊళ్ళో చిన్నపిల్ల కూడా అనుకోదు. పట్టుకెంత, జరీకెంత, అద్దకానికెంత పోయింది, చివరికి కూలి ఎంత గిట్టింది అని చూస్తారు. అమెరికా జీతాన్నీ అలాగే చూడాలి.

రెండు కాపురాల లెక్క

మా అక్క కూతురు కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉంటుంది. మా ఆడపడుచు కూతురు టెక్సాస్‌లో, డాలస్‌ను ఆనుకుని ఉన్న ఇర్వింగ్‌లో ఉంటుంది. రెండిళ్ళలోనూ అల్లుడి సంపాదన ఒక్కటే. శాన్ హోసే అల్లుడి జీతం ఏడాదికి 1,40,000 డాలర్లు, ఇర్వింగ్ అల్లుడిది 1,15,000. "పెద్దదే అదృష్టవంతురాలు" అని మా ఇంట్లో అందరి తీర్పూ. ఇద్దరినీ నెల లెక్కలు రాసి పంపమన్నాను.

శాన్ హోసేలో పన్నులు పోగా నెలకు చేతికొచ్చేది సుమారు 9,000. రెండు పడకగదుల ఇంటి బాడుగ 3,200. మిగిలింది 5,800. ఇర్వింగ్‌లో చేతికొచ్చేది సుమారు 8,000. అంతే ఇంటికి బాడుగ 1,800. మిగిలింది 6,200. పాతికవేలు తక్కువ తెచ్చే ఇంట్లో, బాడుగ కట్టాక నెలకు నాలుగొందలు ఎక్కువ!

దీనికి రెండు కారణాలు. ఒకటి బాడుగ. రెండోది పన్ను. కేంద్రానికి కట్టేది ఎక్కడున్నా కట్టాల్సిందే. రాష్ట్రం వేసే ఆదాయపు పన్ను మాత్రం టెక్సాస్‌లో అసలు లేదు. కాలిఫోర్నియాలో ఉంది, ఆదాయం పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. అమెరికా ప్రభుత్వమే దేశం మొత్తం సగటును 100గా పెట్టుకుని ప్రతి రాష్ట్రానికీ ధరల సూచీ ప్రకటిస్తుంది. 2023లో కాలిఫోర్నియా 112 దాటింది. టెక్సాస్ వందకు కాస్త దిగువనే ఉంది.

చవకకూ ఒక వెల ఉంది

అయితే డాలసే మేలని చెప్పేద్దామా? ఆగండి. ఇర్వింగ్ లెక్కలో ఇంకో పద్దు ఉంది. రెండో కారు! వాయిదా, బీమా, పెట్రోలు కలిపి నెలకు 600 డాలర్లు. శాన్ హోసే అల్లుడు కంపెనీ బస్సులో వెళ్తాడు కాబట్టి వాళ్ళకు ఒక కారే చాలు. రెండో కారు తీసేస్తే ఇర్వింగ్‌లో మిగులు 5,600. అంటే జీతాల్లో ఏడాదికి పాతికవేల తేడా ఉన్నా, మిగులులో నెలకు రెండొందలే తేడా.

ఆ ఆరొందలూ దండగ అనుకునేరు! టెక్సాస్ ఊళ్ళు విశాలంగా పరుచుకుని ఉంటాయి. కారు లేకపోతే పాలు తెచ్చుకోవడానికీ భర్త కోసం ఎదురుచూడాల్సిందే. పెళ్ళై వెళ్ళిన మన పిల్లలు చాలామందికి ఉద్యోగం చేసే హక్కు వెంటనే రాదు. 2015 నుంచి హెచ్-4 వీసా వాళ్ళలో కొందరికి పని అనుమతి ఇస్తున్నారు గానీ, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక మెట్టు దాటాకే. అంతదాకా సొంత సంపాదన ఉండదు. దానికి తోడు కారూ లేకపోతే ఆ పిల్ల గతేమిటి? మా ఆడపడుచు కూతురు మొదటి ఆరునెలలూ ఫోన్ చేసినప్పుడల్లా ఏడ్చింది. డ్రైవింగ్ నేర్చుకున్నాక "అత్తా, గుడికి నేనే వెళ్ళొచ్చా" అని చెప్పింది. ఆ గొంతులో సంతోషం ఏ జీతంలోనూ కనపడదు.

ఇల్లు కొనాలంటే

ఇక్కడే ఊళ్ళ మధ్య తేడా కొండంత. శాన్ హోసేలో మామూలు ఇల్లే పది లక్షల డాలర్లు దాటుతుంది. డాలస్ చుట్టుపక్కల నాలుగు లక్షలకు కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది. కానీ టెక్సాస్‌లో ఇంటిపన్ను చాలాచోట్ల విలువలో రెండు శాతం దాకా ఉంటుంది. నాలుగు లక్షల ఇంటికి ఏడాదికి ఎనిమిది వేలు! అప్పు తీరిపోయినా ఇది తీరదు. వడగళ్ళ వానల వల్ల ఇంటి బీమా కూడా బరువే.

మిగతా పెద్ద ఊళ్ళు

హ్యూస్టన్: టెక్సాస్‌లోదే కాబట్టి ఆదాయపు పన్ను సౌకర్యం దీనికీ ఉంది. అయితే 2017లో హార్వీ తుపాను వరద ఇళ్ళను ముంచేసింది. మామూలు ఇంటి బీమా వరద నష్టానికి వర్తించదు, వేరేగా తీసుకోవాలి.

అట్లాంటా: ఇళ్ళు కాలిఫోర్నియా కంటే ఎంతో చవక. రాష్ట్రపు పన్ను ఐదు శాతం దరిదాపుల్లో ఉంటుంది. మెట్రో రైలు ఉన్నా, తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే కమ్మింగ్ వైపు రాదు. కారు తప్పదు.

షికాగో: పన్నులున్నాయి, చలి సరేసరి. కానీ ఊళ్ళో రైళ్ళు, బస్సులు బాగా తిరుగుతాయి. కారు లేకుండా ఆడవాళ్ళు ఒంటరిగా తిరగగలిగే పెద్ద ఊళ్ళలో ఇదొకటి. డెవాన్ అవెన్యూలో మన సరుకులన్నీ దొరుకుతాయి, మన రాగిసంగటికి పిండితో సహా.

సంబంధం మాట్లాడేటప్పుడు అడగండి

* పన్నులు, బాడుగ పోగా నెలకు చేతిలో ఎంత ఉంటుంది?
* చదువు అప్పు ఇంకా ఎంత ఉంది? నెల వాయిదా ఎంత?
* ఆరోగ్య బీమాకు జీతంలో ఎంత కోత? భార్యను చేర్చాక ఎంత?
* అమ్మాయికి పని అనుమతి ఎప్పటికి రావచ్చు?
* బస్సు, రైలు ఉన్నాయా? లేకపోతే ఆమెకు డ్రైవింగ్ నేర్పి, కారు కొనగలడా?
* ఇద్దరూ ఉద్యోగం చేస్తే పిల్లల్ని చూసుకునే కేంద్రానికి ఎంతవుతుంది? చాలా పెద్ద ఊళ్ళలో పసిబిడ్డకు నెలకు వెయ్యి డాలర్లకు పైమాటే.

ఇలా అడిగితే మగపెళ్ళివారు ఏమనుకుంటారో అని జంకకండి. చీర మడత విప్పి, అంచూ కొంగూ పరీక్షగా చూసి, బేరమాడి గానీ కొనం కదా! పిల్ల జీవితం దగ్గర మొహమాటమెందుకు? సరైన అబ్బాయైతే కాగితం తీసుకుని లెక్క తానే వేసి చూపిస్తాడు.