పాత అక్విడక్టు పక్కనే కొత్తది

అమలాపురంలో శుభలేఖలు, ఫ్లెక్సీ డిజైన్లు చేసే ఓ చిన్న డీటీపీ షాపుంది. మొన్న అటు వెళ్లేసరికి షాపు కుర్రాడు రెండు కంప్యూటర్ల మధ్య తల పట్టుకుని కూర్చున్నాడు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే దాని షరతుల్లో ఉన్న టీపీఎం 2.0 చిప్పు ఈ పాత మెషీన్లలో లేదు. సరే, ఒకదాంట్లో లినక్స్ వేసి చూద్దామని బీరువాలో ఎప్పటిదో ఉబుంటు 18.04 డీవీడీ ఉంటే అదే వేసేశాడు. అంతా బాగానే ఉంది, కొత్తగా కొన్న వైఫై డాంగిల్ మాత్రం పలకలేదు. తెలిసినవాళ్లెవరో “కెర్నెల్ పాతదిరా, కొత్తది వెయ్యి” అన్నారట.

“ఏవండీ బాబాయ్ గారూ, కొత్త కెర్నెల్ వెయ్యాలంటే ముందు ఏమేం ఉండాలండి? ర్యామ్ పెంచాలా?” అని అడిగాడు.

ర్యామ్‌తో పని లేదన్నాను. మిగతాది నిలబడి చెప్పేది కాదు కాబట్టి స్టూలు లాక్కున్నాను.

కెర్నెల్ అంటే గింజ లోపలి పప్పు. కోనసీమలో కూర్చుని ఆ మాట చెబుతూ కొబ్బరికాయను తలుచుకోకుండా ఉండలేం. పైన మనం ఆజ్ఞలు టైపు చేసే పొరకు ‘షెల్’ అని పేరుంది కనుక చిప్ప కూడా సిద్ధంగా ఉంది. కానీ ఈ పోలిక ఎంతో దూరం రాదు. కాయలోంచి కొబ్బరి తీసేసి వేరే కొబ్బరి పెట్టడం ఎవరి వల్లా కాదు, కంప్యూటర్లో మనం చేయబోయేది సరిగ్గా అదే. అందుకే కాలువల దగ్గరికి పోదాం.

పంట కాలువ మీద తూము తలుపు ఎత్తేదీ దించేదీ లస్కరే. ఎవరి చేను ఎండుతున్నా వాళ్లే వెళ్లి తలుపు లేపేయకూడదు, లస్కరును అడగాలి. కంప్యూటర్లో బ్రౌజరు, వీడియో ప్లేయరు, డిజైన్ సాఫ్ట్‌వేరు అన్నీ రైతులే. మెమొరీ కావాలన్నా, డిస్కు మీద ఫైలు రాయాలన్నా, వైఫైలో ఒక ముక్క పంపాలన్నా కెర్నెల్‌ను అడిగి తీరాలి. అలా అడగడానికి ఒక నిర్ణీత పద్ధతుంది, దాన్ని సిస్టమ్ కాల్ అంటారు. ఒక్కో పరికరాన్ని ఎలా నడపాలో తెలిసిన డ్రైవర్లు ఎక్కువగా కెర్నెల్‌తోనే వస్తాయి. కొత్త డాంగిల్ డ్రైవరు కొత్త కెర్నెల్లో ఉండి పాతదాంట్లో లేకపోతే, పరికరం తగిలించి ఉన్నా లేనట్టే. కుర్రాడి డీవీడీలో ఉన్నది 4.15 కెర్నెల్, 2018 నాటిది. ఆ తర్వాత పుట్టిన పరికరాన్ని అది గుర్తుపట్టలేదంటే దాని తప్పేముంది?

సరే, మార్చాలి. మార్చడానికి ఏం కావాలన్నది పి.గన్నవరం వెళ్తే తేలిగ్గా బోధపడుతుంది. వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని రాజోలు వైపు నాగరం దీవికి దాటించే అక్విడక్టు అక్కడుంది. మొదటిదాన్ని ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన రోజుల్లోనే, 1850ల మొదట్లో కట్టారు. 49 కమానులు. దాదాపు నూటయాభై ఏళ్లు సేవ చేశాక దాని పక్కనే కొత్త అక్విడక్టు కట్టి 2000లో నీళ్లు మళ్లించారు. కొత్త కట్టడం ఎంత గట్టిదైనా ఈ గట్టున కాలువ ఏ మట్టంలో వచ్చి కలుస్తుందో, ఆ గట్టున ఏ మట్టంలో అందుకుంటుందో లెక్క కుదరకపోతే నీళ్లు దాటవు. కెర్నెల్ మార్పిడికి ‘అవసరాలు’ అనే జాబితా అంతా ఈ కలిసే చోట్ల గురించే. ర్యామ్, ప్రాసెసర్ సంగతి అందులో దాదాపు ఉండదు.

లినక్స్ కెర్నెల్ సోర్స్‌తో వచ్చే పత్రాల్లో ఈ జాబితా ఒక పట్టికలా ఉంటుంది. ఎడమవైపు సాఫ్ట్‌వేరు పేరు, పక్కన ఉండాల్సిన కనీస వెర్షను, ఆ పక్కన మీ దగ్గరున్న వెర్షను తెలుసుకునే కమాండు. చూడగానే కళ్లు తిరుగుతాయి గానీ రెండు కుప్పలుగా విడదీస్తే భయం పోతుంది. కొన్ని కెర్నెల్‌ను కట్టడానికి కావలసినవి, అంటే తాపీలు, తూకపు గుండ్లు. తక్కినవి కట్టాక దానితో కలిసి పనిచేసేవి.

కట్టడానికి అన్నిటికన్నా ముఖ్యం కంపైలరు. మనిషి రాసిన సీ భాషను ప్రాసెసర్‌కు తెలిసే అంకెల్లోకి దించేది అదే. లినక్స్ వాళ్లు మామూలుగా వాడేది జీసీసీ. 2021 చివర్లో వచ్చిన 5.15 కెర్నెల్‌కు కనీసం జీసీసీ 5.1 ఉండాలన్నారు. ఆ తర్వాత 2022లో 5.18తో కెర్నెల్ 1989 నాటి సీ ప్రమాణాన్ని వదిలి 2011 నాటి ప్రమాణానికి మారింది, పాత కంపైలర్లను ముందే వదిలించుకున్నారు కాబట్టి అది వీలైంది. 2025లో వచ్చిన 6.16 నుంచి కనీసం జీసీసీ 8.1. ఆ 8.1 వచ్చింది 2018లో. అంటే ఏడేళ్ల నాటి పనిముట్టునూ ఒప్పుకుంటున్నారన్నమాట, దీన్ని మరీ కఠినమైన షరతు అనలేం. కానీ మన కుర్రాడి 18.04తో వచ్చే జీసీసీ ఏడో వరుసది. అతను ఉత్సాహంగా 6.16 సోర్స్ దించుకుని మొదలుపెడితే గుమ్మంలోనే ఆగిపోతాడు.

కంపైలర్ వెనకాల చిన్న పనివాళ్లు చాలామంది ఉంటారు. కంపైలర్ ఇచ్చిన ముక్కలను కలిపి కుట్టేది బిన్‌యుటిల్స్, ఏ పని తర్వాత ఏ పనో చూసే మేస్త్రి మేక్. మీరు ఎంచుకున్న సెట్టింగులను చదివి అర్థం చేసుకునే ఇంజను ఫ్లెక్స్, బైసన్‌లతో తయారవుతుంది. వీటిలో నాకు ముచ్చటేసేది బీసీ అనే క్యాలిక్యులేటరు. ప్రపంచంలోని సర్వర్లను నడిపే కెర్నెల్, తన గడియారం లెక్కల్లోని కొన్ని అంకెల కోసం మధ్యలో ఆగి దాన్ని పిలుస్తుంది. అది లేకపోతే అంత పెద్ద నిర్మాణమూ అక్కడే నిలిచిపోతుంది. పెళ్లి పందిరి వేసి, వంటవాళ్లను పిలిచి, అగ్గిపెట్టె మరిచిపోయినట్టు.

2022 డిసెంబరులో వచ్చిన 6.1 నుంచి కెర్నెల్లో రస్ట్ భాషకూ చోటిచ్చారు. ఆ భాగాలు కావాలనుకునేవాళ్లకు రస్ట్ కంపైలరు కూడా ఉండాలి, వద్దనుకునేవాళ్లకు అక్కర్లేదు. జాబితాలో చాలా వరుసలకు ఇదే నియమం. ఎక్స్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో డిస్కు లేనివాడికి ఆ పనిముట్ల వెర్షనుతో సంబంధం లేదు. పట్టికలోని ప్రతి వరుసా అందరి కోసం కాదు.

ఇక కట్టాక కలిసి పనిచేసేవి. ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి జాబితాల అవసరం అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది. 2003 డిసెంబరులో 2.6 కెర్నెల్ విడుదలైంది. అప్పటిదాకా డ్రైవరు ముక్కను, అంటే మాడ్యూల్‌ను, కెర్నెల్లో అతికించే పనిలో చాలా భాగం బయట ఉండే మాడ్‌యుటిల్స్ అనే పనిముట్లు చేసేవి. 2.6లో ఆ అతుకు పనిని కెర్నెల్ తన లోపలికి తీసుకుంది. బయటి పనిముట్లు మారాయి, మాడ్యూల్ ఫైళ్ల తోక ‘.ఓ’ నుంచి ‘.కేఓ’ అయింది. కెర్నెల్ ఒక్కటే మార్చి పనిముట్లు మార్చనివాళ్ల కంప్యూటరు లేవడం లేచేది గానీ, డ్రైవర్ల జాబితా అడిగితే ‘క్యూఎం మాడ్యూల్స్: ఈ పని అమలులో లేదు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ముఖాన కొట్టేది. సౌండు లేదు, నెట్‌వర్కు లేదు. కెర్నెల్ చెడిపోయిందనుకుని చాలామంది దాన్నే తిట్టారు. నిజానికి లస్కరు మారాడు, పాత చీటీ పట్టుకెళ్తే కొత్త లస్కరుకు అది చదవడం రాదు, అంతే. ఇప్పుడు ఆ స్థానంలో కేమాడ్ ఉంది.

వెర్షను అంకె మారినా చిక్కే. 2011లో 2.6.39 తర్వాత 2.6.40 రావలసింది. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఆ పొడుగు అంకెలతో విసిగి 3.0 అన్నారు. లోపల విప్లవమేమీ లేదు, పేరొక్కటే మారింది. కానీ కొన్ని ప్రోగ్రాములు అంకె ‘2.6’తో మొదలవుతుందనే గుడ్డి నమ్మకంతో రాసినవి, అవి తడబడ్డాయి. ఫెడోరా 15 అనే లినక్స్ పంపిణీ వాళ్లు 3.0నే 2.6.40 అనే పేరుతో పంచారు. తర్వాత కెర్నెల్లోనే, అడిగినవాళ్లకు తన పేరు 2.6 అని చెప్పే వేషం ఒకటి పెట్టారు.

ఈ కథలు విని కెర్నెల్ మారిస్తే ఉన్న ప్రోగ్రాములన్నీ కూలిపోతాయనుకోకండి. లోకంలో నడుస్తున్న ప్రోగ్రామును కొత్త కెర్నెల్ చెడగొట్టకూడదన్నది టోర్వాల్డ్స్ మొండిగా పట్టుకున్న నియమం. సిస్టమ్ కాల్ అడిగే తీరు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. పదేళ్ల నాటి ప్రోగ్రాము ఇవాళ్టి కెర్నెల్ మీద నడుస్తుందంటే అందుకే. ఆ హామీ మాత్రం బయటి ప్రోగ్రాములకే, కెర్నెల్ లోపల అతికించే పరాయి డ్రైవర్లకు లేదు.

ఇళ్లలో, షాపుల్లో ఎక్కువమందికి దెబ్బ తగిలేది అక్కడే అని నా అనుభవం. గ్రాఫిక్స్ కార్డుకో, వైఫైకో విడిగా తెచ్చి వేసుకున్న డ్రైవరు ఏ కెర్నెల్ కోసం కట్టారో దానికే సరిపోతుంది. కెర్నెల్ మారినప్పుడల్లా మళ్లీ కట్టాలి. ఆ పనిని దానంతట అదే చేసే డీకేఎంఎస్ అనే ఏర్పాటుంది. అయితే దానికి కొత్త కెర్నెల్‌కు చెందిన ‘హెడర్స్’ ప్యాకేజీ, కంపైలరు ముందే ఉండాలి. అవి లేక, నిన్నటిదాకా వెలిగిన తెర ఇవాళ నల్లగా మారిన ఫిర్యాదులు ఎన్నో. సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే అలా కట్టిన డ్రైవరుకు ఇంట్లోనే సంతకం చేసి, ఆ సంతకాన్ని మెషీన్‌కు పరిచయం చేయాలి.

డిస్కులో చోటు సంగతి చెబితే చిన్న విషయంలా ఉంటుంది, వచ్చి పడితే తెలుస్తుంది. ఆరో వరుస కెర్నెల్ సోర్స్ కుదించిన రూపంలోనే సుమారు 140 ఎంబీ, విప్పితే జీబీ దాటుతుంది, కట్టేటప్పుడు ఇంకా ఉబ్బుతుంది. కట్టుకోనివాళ్లకు వేరే బాధ. కెర్నెల్ ఉండే ‘బూట్’ భాగాన్ని కొందరు చిన్నదిగా కోసి పెడతారు. పాత కెర్నెళ్లతో అది నిండిపోతే కొత్తది సగంలో ఆగుతుంది. బూట్ అయ్యే మొదటి క్షణాల్లో డిస్కును తెరవడానికి కావలసిన డ్రైవర్లను మూటకట్టి ఉంచే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కూడా అక్కడే ఉండాలి. ఆ మూట సరిగా కట్టకపోతే కెర్నెల్ లేస్తుంది, ఇంటి తలుపు తాళం మాత్రం దొరకదు.

పట్టికలో లేని అవసరాలు మన జిల్లాలో మరో రెండున్నాయి. ఒకటి కరెంటు. ఈదురుగాలి వేస్తే కొబ్బరిమట్ట తీగల మీద పడటం మనకు కొత్త కాదు, బూట్ ఫైళ్లు రాస్తుండగా కరెంటు పోతే అనుభవించాల్సింది మనమే. రెండోది నెట్టు. 2022 మే నెలాఖరులో జిల్లాలో ఇంటర్నెట్ ఆపేసిన రోజులు గుర్తున్నవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. మన కుర్రాడికైతే వైఫై డ్రైవరు దించుకోవడానికి కావలసింది ఆ వైఫైయే. ఇలాంటప్పుడు ఫోను యూఎస్‌బీ కేబులుతో తగిలించి టెథరింగ్ పెడితే సాధారణంగా గట్టెక్కుతాం.

“మరి మన తెలుగు ఫాంట్లు పోతాయేమోనండి?” అని మధ్యలో అడిగాడు. డీటీపీ వాడికి అదే ప్రాణం కదా. పోవు. తెలుగు యూనికోడ్‌లో 1991 నుంచీ ఉంది. ఒత్తు ఎక్కడ కూర్చోవాలి, గుడి ఎలా తిరగాలి అని చూసేది హార్ఫ్‌బజ్ లాంటి పై పొర సాఫ్ట్‌వేరు. కెర్నెల్‌కు ‘క్ష’ అయినా ‘జ్ఞ’ అయినా వరసగా వచ్చే బైట్లే. సీడాక్ వాళ్ల బాస్ లినక్స్ వాడినా, స్వేచ్ఛ వాళ్లు డెబియన్ మీద తెలుగులో తీర్చిదిద్దిన వ్యవస్థ వాడినా అడుగున ఉన్నది ఆ లినక్స్ కెర్నెలే, తెలుగుదనమంతా పైన ఉంటుంది.

ఇంత చెప్పాక, “అయితే కంపైల్ చేసేద్దామాండి?” అన్నాడు. వద్దన్నాను. నేర్చుకోవాలనే సరదా ఉంటే ఆదివారం రెండో మెషీన్ మీద చెయ్యి, రోజూ డబ్బులు తెచ్చే మెషీన్ మీద కాదు. 18.04కు ఉచితంగా వచ్చే మామూలు మద్దతు 2023లోనే అయిపోయింది. కెర్నెల్ ఒక్కటే కొత్తదయి చుట్టూ ఉన్నవన్నీ పాతవైతే, కలిసే ప్రతి చోటా మట్టం మనమే సరిచూసుకుంటూ కూర్చోవాలి. దానికన్నా ఉబుంటు 24.04కే మారిపోతే 6.8 లేదా ఆ తర్వాతి కెర్నెల్, దానికి తగ్గ కంపైలరు, కేమాడ్, హెడర్స్ అన్నీ ఒకరు సరిచూసి పంపినవే వస్తాయి. అవసరాల పట్టికను పంపిణీదారు మన తరఫున చదివేసి ఉంటాడు.

ఆ తర్వాత వచ్చే కెర్నెల్ అప్‌డేట్లను ప్యాకేజీ మేనేజరు చూసుకుంటుంది. అది కొత్తది పెట్టినా పాతదాన్ని వెంటనే తీసేయదు. బూట్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్’ అనే వరుస కింద అది అలాగే ఉంటుంది. కొత్తది మొరాయిస్తే పాతదాన్ని ఎంచుకుని లోపలికి వెళ్లి, తీరిగ్గా సంగతేమిటో చూసుకోవచ్చు. చోటు చాలడం లేదని ఆ పాతదాన్ని ముందే చెరిపేసేవాళ్లను చూస్తే నాకు భయం. గన్నవరంలో కూడా పక్కన కొత్తది నిలబడ్డాకే నీళ్లు మళ్లించారు గానీ పాతదాన్ని కూల్చి కాదు.

పెన్‌డ్రైవులో 24.04 వేసి, డిస్కును ముట్టుకోకుండా దాని నుంచే మెషీన్ లేపాం. అలా పరీక్షించడానికి ఖర్చు లేదు, నచ్చకపోతే పెన్‌డ్రైవు పీకేస్తే సరి. రెండు నిమిషాలకు తెర వచ్చింది. డాంగిల్ తగిలించాడు. పచ్చలైటు మిణుకుమంది, వైఫై పేర్లు ఒక్కొక్కటే దిగాయి. పక్క కొట్టువాడి నెట్టు పేరు చదివి నవ్వుకున్నాడు. తర్వాత బల్ల కిందకు వంగి, దుమ్ము పట్టిన పాత ప్రింటరు కేబులు బయటికి లాగుతూ అన్నాడు: “దీని సంగతేంటండి మరి?”