మట్టిగోడకి బిల్లు రాదా?

మొన్న వేసవిలో మా మేనత్తని చూడ్డానికి విజయనగరం జిల్లాలోని మా ఊరు వెళ్ళాను. అత్త కొత్త ఇల్లు కట్టుకుని రెండేళ్ళయింది. పిల్లల పరీక్షల వల్ల గృహప్రవేశానికి వెళ్ళలేకపోయాను. ఆ లోటు తీరుద్దామని ఓ స్టీలు బిందె కొనుక్కుని బయల్దేరాను.

నేను చేరేసరికి మధ్యాహ్నం రెండు గంటలైంది. కొత్తింటికి తాళం వేసి ఉంది. అత్త పెరట్లో పాత వంటపాకలో చాప వేసుకుని పడుకుంది.

"అదేంటత్తా! అంత ఇల్లు కట్టుకుని ఇక్కడ పడుకున్నావేం?" అన్నాను.

"కొత్తింట్లో దేవుడి పటాలున్నాయే అమ్మడూ. ఆయనకి చెమట పట్టదు కాబట్టి ఉండగలుగుతున్నాడు" అంది నవ్వుతూ.

తాళం తీసి లోపలికి అడుగుపెడితే నెత్తిమీద పెనం బోర్లించినట్టుంది. శ్లాబు అంతలా కాలిపోతోంది. గోడలకి లోపలివైపు ప్లాస్టరింగు కాలేదు. వంటగది రావాల్సిన చోట నాలుగు వరసల ఇటుకలు లేచి ఆగిపోయాయి. డబ్బు అక్కడితో అయిపోయిందన్నమాట.

అత్తకి ప్రభుత్వ పథకంలో ఇల్లు మంజూరైంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకం 2016లో మొదలైనప్పుడు మైదాన ప్రాంతాలకి 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతాలకి 1,30,000 రూపాయలు సాయంగా నిర్ణయించారు. ఆ డబ్బు పని సాగేకొద్దీ విడతలుగా వస్తుంది. ఆ డబ్బులోనే ముగించాలని అత్త లెక్క వేసుకుంది. కింద రాతి పునాది, పాతింటి మట్టినే తడిపి తొక్కి గోడలు, పైన పెంకులు. మా తాత కట్టిన మట్టిగోడల పెంకుటింట్లోనే కదా నాన్నా, అత్తా పుట్టి పెరిగింది!

కానీ కొలతలు చూడ్డానికి వచ్చిన మనిషి "మట్టిగోడకి బిల్లు రాదమ్మా, పక్కాగా కట్టుకో" అన్నాడట. అత్త ఎదురు చెప్పలేదు. ఇసుక, ఇనుము, సిమెంటు, మేస్త్రి కూలి... అన్నీ కలిసి సాయం డబ్బుని ఎప్పుడో దాటిపోయాయి. రెండు గాజులు అమ్మేసింది. డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పు ఇంకా నెలనెలా కడుతూనే ఉంది.

"చదువుకున్నదానివి కదే. మట్టిగోడ తప్పని ఎక్కడైనా రాసుందా?" అని అడిగింది.

జవాబు చెప్పలేకపోయాను. కథలు రాసుకునేదాన్ని, ఇళ్ళ లెక్కలు నాకేం తెలుసు? కానీ ఊరునుంచి వచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మావారి స్నేహితుడొకాయన సివిల్ ఇంజనీరు. ఆయన్ని అడిగి కాగితాలు తెప్పించుకున్నాను. మధ్యాహ్నాలు సీరియళ్ళు మానేసి అవి చదివాను.

కాగితంలో ఏముంది?

ముందుగా పథకం నియమాలు చూశాను. పక్కా ఇల్లంటే మామూలు వాడకాన్నీ, ఎండావానల్నీ తట్టుకుని, తగిన మరమ్మతులతో కనీసం 30 ఏళ్ళు నిలవాలి. పైకప్పు శాశ్వతమైన సామానుతో ఉండాలి. గోడలు ఆ ప్రాంతపు వాతావరణాన్ని తట్టుకోవాలి. గోడ పైపొర కరిగిపోయే రకమైతేనే దానికి ప్లాస్టరింగు తప్పనిసరి. సిమెంటు గోడే ఉండాలని అందులో నాకెక్కడా కనిపించలేదు. పైగా, కాంట్రాక్టరు చేతికి అప్పగించకుండా ఇంటివాళ్ళే కట్టుకోవాలి, లేదా దగ్గరుండి కట్టించుకోవాలి అని ఉంది.

మరి ఆ మనిషి అలా ఎందుకన్నాడు? అతన్నీ పూర్తిగా తప్పుపట్టలేం. జనాభా లెక్కల్లో మట్టిగోడల ఇంటిని పక్కా ఇంటికింద రాసుకోరు. లెక్కకోసం పెట్టుకున్న ఆ మాటే ఊళ్ళలో చట్టమైపోయింది. మట్టి అంటే కచ్చా, సిమెంటు అంటే పక్కా!

రెండో కాగితం చూసి మరీ ఆశ్చర్యపోయాను. మన భారత ప్రమాణాల సంస్థ 1993లోనే మట్టి ఇళ్ళకోసం ఒక ప్రమాణం తెచ్చింది. దాని నంబరు ఐఎస్ 13827. భూకంపం వచ్చినా మట్టి ఇల్లు ప్రాణాలు తీయకుండా ఉండాలంటే ఎలా కట్టాలో అందులో ఉంది. గోడ ఎత్తు దాని మందానికి ఎనిమిది రెట్లు మించకూడదు. అంటే 15 అంగుళాల గోడని పది అడుగులకంటే ఎత్తు లేపకూడదు. తలుపుగానీ కిటికీగానీ 1.2 మీటర్లకంటే, అంటే దాదాపు నాలుగడుగులకంటే వెడల్పు ఉండకూడదు. ఇంటి మూలనుంచి కూడా అంతే దూరంలో ఉండాలి.

మట్టి పనికొస్తుందో లేదో చూసుకునే పరీక్ష కూడా అందులో ఉంది. దానికి ల్యాబు అక్కర్లేదు. రెండు సెంటీమీటర్ల లావున, అంటే ఉసిరికాయంత, అయిదారు మట్టి ఉండలు చెయ్యాలి. 48 గంటలు ఆరనివ్వాలి. తర్వాత ఒక్కో ఉండని చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పెట్టి నొక్కాలి. ఒక్కటీ పగలకపోతే ఆ మట్టిలో తగినంత జిగట ఉన్నట్టే. పగిలితే ఆ మట్టి పనికిరాదు.

అది చదువుతుంటే నాకు నవ్వొచ్చింది, కళ్ళూ చెమర్చాయి. పొయ్యి పెట్టేముందు మా నాయనమ్మ అచ్చం ఇలాగే మట్టి ఉండని వేళ్ళతో నొక్కి చూసేది!

మట్టంతా మంచిదేనా?

అలాగని పాతవన్నీ గొప్పవని నేననను. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. సముద్రపు నీరు నిలువెత్తున లోపలికి వచ్చే చోట మట్టిగోడని నమ్ముకోకూడదు. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు మట్టితో పేర్చిన బరువైన రాతిగోడలు, వాటిమీది మట్టి మిద్దెలు నిద్రలో ఉన్నవాళ్ళమీద కూలాయి. అవీ మన పెద్దలు కట్టుకున్న ఇళ్ళే.

2001 జనవరి 26న గుజరాత్‌లోని కచ్ భూకంపంలో ఇంకో సంగతి బయటపడింది. అక్కడి గుండ్రని మట్టి ఇళ్ళు, 'భుంగా'లంటారు వాటిని, చాలావరకు నిలబడ్డాయి. మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ళు చూసినవాళ్ళకి వాటి రూపు కొత్తగా అనిపించదు. తేడా మట్టిలో లేదు, కట్టే పద్ధతిలో ఉంది. అందుకే నియమాలు వద్దని కాదు నా మాట. 'ఏ సామానుతో కట్టావు' అని కాకుండా 'ఎంత తట్టుకుంటుంది' అని అడిగే నియమాలు కావాలి.

ఇతర దేశాల్లో ఇది కొత్తేం కాదు. భూకంపాల దేశమైన న్యూజిలాండ్ 1998లో మట్టి ఇళ్ళకి ప్రత్యేక ప్రమాణాలు తెచ్చింది. వాటిలో ఒకటి చిన్న ఇళ్ళకోసమే. దాని హద్దుల్లో కడితే ఒక్కో ఇంటికీ విడిగా ఇంజనీరు డిజైను అక్కర్లేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో జనం పలచగా ఉండే పల్లె ప్రాంతాల్లో, తాముండే ఇల్లు తామే కట్టుకునేవాళ్ళకి వేరే నియమాలున్నాయి. స్థానిక పాలకులు ఒప్పుకున్న చోట, గట్టిదనం తగ్గనంతవరకు పాత సామానూ, సొంతంగా చేసుకున్న సామానూ వాడుకోవచ్చు.

అంతదూరం ఎందుకు? ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడ్డ లారీ బేకర్ 2007లో కన్నుమూసేదాకా తక్కువ ఖర్చు ఇళ్ళే కట్టారు. ఇటుకల్ని పడుకోబెట్టకుండా నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి కట్టే పద్ధతిని ఆయన బాగా వాడారు. అందులో ఇటుకలు దాదాపు నాలుగో వంతు మిగులుతాయి. ఆ ఖాళీలో ఉండే గాలి ఎండ వేడిని లోపలికి రానివ్వదు.

కట్టుకోబోయే అక్కచెల్లెళ్ళకి

ఊళ్ళో ఇల్లు కట్టుకోబోతున్న మీ అమ్మకో, అక్కకో, మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికో ఈ నాలుగు మాటలు చెప్పండి.

'బిల్లు రాదు' అని ఎవరైనా అంటే, ఏ నియమం ప్రకారమో కాగితంమీద రాసివ్వమని మర్యాదగా అడగాలి. ఏ సామాను వాడేదీ పునాది తీయకముందే ఒప్పించుకోవాలి. గోడ లేచాక వాదన పనికిరాదు.

మట్టిగోడకి శత్రువు నీరు. రాతి పునాదిని వాన నీరు తగలనంత ఎత్తుకి తేవాలి. చూరు బాగా ముందుకి రావాలి. మట్టి ఉండల పరీక్ష మర్చిపోవద్దు. చెదలు పట్టే నేలైతే ముందే జాగ్రత్త పడాలి.

అన్నిటికంటే ముఖ్యం, వంటగదిని ఆఖరికి ఉంచకండి. ఆ పథకంలో ఇంటికి కనీసం 25 చదరపు మీటర్లు, అంటే దాదాపు 270 చదరపు అడుగులు ఉండాలన్నారు. అందులో వంటకి చోటు కూడా కలిసే ఉంది. డబ్బు తక్కువైతే ఆగిపోయేది ఎప్పుడూ మన పొయ్యి దగ్గరే. ఇల్లు ఆడవాళ్ళ పేరున రాస్తే సరిపోదు, ఆ ఇంటి కొలతలు కూడా వాళ్ళే చెప్పాలి.

ఈ సంగతులన్నీ చెప్పడానికి దసరా సెలవుల్లో మళ్ళీ అత్త దగ్గరికి వెళ్ళాను. అన్నీ విని, "ఆ కాగితం తెలుగులో ఉందా?" అంది. నా దగ్గరున్నది ఇంగ్లీషుదే అన్నాను.

"మరింకేం, ఊళ్ళో ఎవలికి తెలుస్తాది?" అంది.

శ్లాబు ఎలాగూ పడిపోయింది, దాన్నేం చెయ్యలేం. వంటగది మాత్రం ఇంటికి ఆనించకుండా విడిగా, రాతి పునాదిమీద మట్టిగోడలతో, పాత పెంకులతో, పొగగొట్టం పెట్టి కట్టుకుంటానంది. దానికి ఎవరి బిల్లూ అక్కర్లేదు కదా! నేను బస్సెక్కేలోగా ఆరు ఉండలు చేసి అరుగుమీద ఆరబెట్టింది.

రెండ్రోజుల తర్వాత ఫోన్ చేసింది.

"ఒక్కటీ పగల్లేదే అమ్మడూ!"