విహారనగరమున అతిథిసేవ కొలువులు: విశాఖకు పోవువారికి కొన్ని సంగతులు

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలనుండి విశాఖపట్టణమునకు పనికై పోవుట క్రొత్త సంగతి కాదు. తాతల నాడు ఓడరేవునకు పోయిరి. తండ్రుల నాడు ఉక్కు కర్మాగారమునకును, కట్టడముల పనులకును పోయిరి. నేడు పదియో, ఇంటరో పూర్తిచేసిన యువతీయువకులు వేరొక త్రోవ పట్టుచున్నారు. సముద్రపుటొడ్డునను, రుషికొండ మీదుగా భీమునిపట్టణమునకు పోవు దారి పొడవునను వెలసిన హోటళ్లలోను, విహారనివాసములలోను, యాత్రలు నడపు సంస్థలలోను ముందుబల్ల దగ్గర నిలిచి, వచ్చినవారితో మాటలాడి, వారి అవసరములు కనిపెట్టు కొలువది. దానిని కస్టమర్ సర్వీసు అనుచున్నారు. అతిథిసేవ యన్నచో మనకు సులభముగా బోధపడును.

గడచిన వేసవిలో మేము సోంపేట ప్రాంతమున ఒక గ్రామమునకు పోయితిమి. కొబ్బరితోట గల ఒక చిన్న రైతు మమ్ము ప్రక్కకు పిలిచి, “బాబూ, మా పిల్ల ఇంటరు పాసయింది. విశాఖలో హోటలు ఉద్యోగం వేయిస్తానని ఒకాయన పదిహేను వేలు అడుగుతున్నాడు. ఇచ్చెయ్యమంటారా?” అని అడిగెను. అమ్మాయికి ఏయే భాషలు వచ్చునని మేము ప్రశ్నించితిమి. “తెలుగు, ఒడియా వచ్చు బాబూ. హిందీ టీవీ చూసి కొంత పట్టుకొంది. ఒడియా వచ్చి ఏం లాభం? ఈ చుట్టుపక్కల అందరికీ వచ్చిందే కదా!” అని ఆయన నవ్వెను.

ఆ చివరి మాట దగ్గర మేము ఆగవలసివచ్చినది. విశాఖకు వచ్చు యాత్రికులెవరో ఒకసారి చూడుడు. దుర్గాపూజ సెలవులకు పశ్చిమ వంగము నుండి కుటుంబములకు కుటుంబములే రైళ్లలో వచ్చి దిగును. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములవారు ఏడాది పొడవునను వచ్చుచుందురు. వారిలో విహారమునకు గాక వైద్యమునకై వచ్చి, ఆసుపత్రికి చేరువలో గది తీసికొనువారును కలరు. గదిలో నీరు రాలేదనియో, పిల్లవానికి జ్వరము వచ్చినదనియో రాత్రి పదకొండు గంటలకు బల్ల దగ్గరకు వచ్చిన మనిషికి కావలసినది తన భాషలో ఒక సమాధానము. ఇంగ్లీషు రానివారికి ఈ పని దొరకదని పల్లెలలో ఒక భయమున్నది. పెద్ద హోటళ్లలో ఇంగ్లీషు కావలసినదే. కాని మధ్యతరగతి హోటళ్లలో హిందీ బాగుగ మాటలాడి, ఒడియాయో, బెంగాలీయో అదనముగా వచ్చినవారికి విలువ యెక్కువ. ఇచ్ఛాపురము, కవిటి, మందస వైపు పిల్లలకు పుట్టుకతో వచ్చిన ఈ విద్యను దరఖాస్తులో వ్రాయుటకే వారు సిగ్గుపడుచుండుట మాకు విచారము కలిగించినది.

ఆ పదిహేను వేలు ఇయ్యవలదని రైతుతో స్పష్టముగా చెప్పితిమి. మనిషి కావలసినది హోటలుకు; జీతమిచ్చి పని చేయించుకొనునది హోటలే. ఉద్యోగము కోరువారినుండి ముందుగా రిజిస్ట్రేషను ఫీజనియు, దుస్తుల ఖరీదనియు, డిపాజిట్టనియు సొమ్ము అడుగువారిని నమ్మరాదు. సొమ్ము లేకుండ పోవు మార్గములే అనేకము కలవు. గ్రామీణ పేద కుటుంబముల యువజనులకు ఉచితముగా శిక్షణ నిచ్చి కొలువు చూపు దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన 2014లో ప్రారంభమైనది; అందు చూపు పనులలో హోటలు పనులును కలవు. వివరములకు మీ ఇంటి ఆడవారి స్వయంసహాయక సంఘము ద్వారా మండల వెలుగు కార్యాలయమున విచారింపవచ్చును. 2015లో ఏర్పడిన జాతీయ కెరీర్ సర్వీసునందు పేరు నమోదు చేసికొనుటకును రుసుము లేదు. ఇవి గాక, హోటలుకు స్వయముగా పోయి అడుగుటకు ఎవరి సిఫారసును అక్కరలేదు. అయితే వేళ చూచుకొని పోవలెను. మధ్యాహ్నమువరకు గదులు ఖాళీ చేయువారి తొందర, ఆ తరువాత క్రొత్తగా దిగువారి తొందర. సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున మేనేజరు కొంత తీరికగా మాటలాడగలడు.

వేళ వంటిదే ఋతువును. విశాఖకును, అరకులోయకును యాత్రికుల రద్దీ దసరాతో మొదలై శీతకాలమంతయు సాగును. వేసవి సెలవులలో మరల కొంత పెరుగును. వానల నెలలలో గదులు ఖాళీగా నుండును. కావున జూన్, జులై మాసములలో మూట కట్టుకొని దిగినవారు పని దొరకక, తెచ్చుకొన్న సొమ్ము ఖర్చుచేసికొని వెనుదిరుగుట కలదు. దసరాకు నెల, నెలన్నర ముందు ప్రయత్నించుట మేలు. కుదిరినపుడు “ఈ పని సీజను వరకా, ఏడాది పొడవునా?” అని అడిగి తెలిసికొనవలెను. ఈ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను సరిగా సీజను ఆరంభమున విశాఖ తీరమును తాకినది. 2020 మార్చిలో కరోనా కారణమున హోటళ్లు మూతపడినవి. యాత్రికుని నమ్ముకొన్న కొలువు యాత్రికుడు రానిచో నిలువదు. అట్టి దినములలో ఏడాది కొలువు వ్రాతమూలముగా నున్నవానికిని, నోటిమాటతో కుదిరినవానికిని చాల భేదము కనబడినది.

వ్రాతమూలమనగా నియామకపత్రము. 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చిన కార్మిక స్మృతుల ననుసరించి, పనిలో చేరినవారికి యజమాని నియామకపత్ర మీయవలసియున్నది. అందు హోదా, జీతము, పనిగంటలు సరిగా వ్రాసియున్నవో లేవో చూచుకొనవలెను. జీతము 15,000 రూపాయలని చెప్పినంతమాత్రమున 15,000 చేతికి రాదు. అందు మూలవేతనము 10,000 అనుకొందము. 20 మంది గాని, అంతకు మించి గాని పనిచేయు సంస్థలో ప్రావిడెంటు ఫండునకు మూలవేతనముపై నూటికి 12 చొప్పున 1,200 రూపాయలు తగ్గును. 10 మంది గాని, అంతకు మించి గాని పనిచేయు సంస్థలో ఈ.ఎస్.ఐ. క్రింద నూటికి ముప్పాతిక రూపాయి చొప్పున మరికొంత తగ్గును. చేతికి పదమూడువేల ఏడువందల ప్రాంతమున వచ్చును. ఇది నష్టమని తలంపరాదు. యజమానియు తన వాటా కలుపుచున్నాడు. ఈ.ఎస్.ఐ. వలన ఇంటివారికిని వైద్యసహాయము లభించును. “కోత లేకుండ మొత్తము చేతికిచ్చెదము” అను సంస్థకన్న కోతకు రసీదు ఇచ్చు సంస్థయే మేలు. ప్రావిడెంటు ఫండు యు.ఎ.ఎన్. సంఖ్యను మాత్రము భద్రపరచుకొనవలెను. హోటలు మారినను అది మారదు.

ఇక బస. సముద్రతీరమున గది అద్దె పల్లెనుండి పోయినవారిని బెదరగొట్టును. భోజనము, బస హోటలే ఇచ్చుచున్నచో రెండువేలు జీతము తక్కువైనను చేతిలో మిగులునది యెక్కువ కావచ్చును. కనుక రెండుచోట్ల పిలుపు వచ్చినపుడు జీతములను గాక, మిగులును లెక్కింపవలెను. మొదటి జీతము నెల నిండిన తరువాతనే వచ్చును. రెండు మాసముల ఖర్చు చేత నుంచుకొని బయలుదేరుట అవసరము.

పని ఎట్లుండునందురా? షిఫ్టులు మారుచుండును, రాత్రి మేలుకొనవలసివచ్చును. అతిథి గుర్తింపుకార్డు చూచి కంప్యూటరులో నమోదు చేయవలెను. విదేశీయుడు దిగినచో 24 గంటలలో అతని వివరములు అధికారులకు చేరవలెను; ఇందు మరపు పనికిరాదు. బిల్లులో సర్వీసు చార్జీ ఏల వేసితిరని ఒకడు గట్టిగా అడుగును. దానిని బలవంతముగా చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో ఆదేశించినది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశమును సమర్థించినది. ఇవి తెలిసియున్నవారు తడబడరు.

వీటికన్న ముఖ్యము ఊరు తెలిసియుండుట. కిరండూలు రైలు ఎన్ని గంటలకు కదలును, బొర్రా గుహలు చూచి ఆ పూటనే మరలి రావచ్చునా, జలాంతర్గామి ప్రదర్శనశాలకు సెలవు ఏ వారము, సింహాచలమున చందనోత్సవము ఎప్పుడు అని అతిథులు అడుగుచునే యుందురు. ఏడాదికొక్కసారి అక్షయ తృతీయనాడు మాత్రమే స్వామి నిజరూప దర్శనమని చెప్పగలిగిన పిల్లకు అతిథి కృతజ్ఞుడగును. ఒక ప్రశ్నకు మాత్రము మొగమాటము లేక బదులు చెప్పవలెను. సముద్రము చూడని ప్రాంతములనుండి వచ్చినవారు రామకృష్ణా బీచిలో స్నానము చేయవచ్చునా అని అడుగుదురు. అక్కడి నీటిలాగు ప్రమాదకరము. ప్రాణములు పోయిన సందర్భములు అనేకము. “వద్దండీ, ఒడ్డుననే నిలిచి చూడుడు” అని ముందుబల్ల దగ్గర చెప్పిన మాట ఒక కుటుంబమును కాపాడవచ్చును. అతిథి నొచ్చుకొనునేమోయని ఊరకుండుట మర్యాద కాదు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మనవి. రాత్రి పనికి స్త్రీని నియమింపవలెనన్నచో ఆమె సమ్మతి అవసరము. ఆమె రక్షణకు ఏర్పాటులు చేయుట యజమాని బాధ్యత. 2013 సంవత్సరపు చట్టముప్రకారము, 10 మంది పనిచేయు ప్రతిచోట లైంగిక వేధింపులపై ఫిర్యాదులు వినుటకు ఒక కమిటీ ఉండవలెను. ఆ కమిటీ సభ్యులెవరని చేరిన మొదటి దినముననే అడుగుట తప్పు కాదు. అత్యవసరమైనపుడు 181 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

సోంపేటవైపు రైతు ఆ పదిహేను వేలు ఇయ్యలేదు. అందులో కొంత కుమార్తె ప్రయాణమునకును, మొదటి రెండు నెలల ఖర్చునకును కేటాయించెను. ఆగస్టు చివర తండ్రియు, కూతురును రెండు దినములు విశాఖలో తిరిగి తొమ్మిది హోటళ్లలో అడిగిరి. ఏడుచోట్ల లేదనిరి, ఒకచోట మరల రమ్మనిరి, ఒకచోట కుదిరినది. దరఖాస్తులో భాషల వరుసలో ఒడియా మొదట వ్రాసినదట. సంక్రాంతికి ఆమెకు సెలవు దొరకలేదు; అది హోటలుకు నిండు సీజను. ముక్కనుమ మరునాడు రెండు దినముల సెలవుపై ఇంటికి వచ్చి, మిగిలిన అరిసెలు హోటలులోని తోడివారికి మూట కట్టించుకొని పోయినదని ఆమె తండ్రి మాకు చెప్పెను.