బ్లూ స్క్రీన్ వచ్చిందా? డంప్ ఫైల్‌ని కాపీ చేసి, కుదించి పంపడం ఇలా!

విండోస్ పీసీలో బ్లూ స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అయ్యాక, సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో ‘మెమరీ డాట్ డీఎంపీ’ అనే ఫైల్ కనిపిస్తుంది. క్రాష్ అయిన క్షణంలో ర్యామ్‌లో ఏముందో దాచిపెట్టిన ఫైల్ ఇది. ఏ డ్రైవర్ వల్ల క్రాష్ అయిందో సర్వీస్ వాళ్లు కనిపెట్టాలంటే ఇదే ఆధారం. కానీ డిఫాల్ట్‌గా, తర్వాత ఇంకోసారి క్రాష్ అయితే కొత్త డంప్ వచ్చి పాతదాని మీదే కూర్చుంటుంది. అందుకే ముందు కాపీ, తర్వాతే మిగతా పని.

కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా ఓపెన్ చేయండి. లేదంటే పర్మిషన్ లేదంటూ ఎర్రర్ వస్తుంది. కాపీకి విండోస్‌లోనే ఉన్న ‘రోబోకాపీ’ బెస్ట్. దీనికి ముందు ఫైల్ ఉన్న ఫోల్డర్, తర్వాత కాపీ పెట్టాల్సిన ఫోల్డర్, ఆ తర్వాతే ఫైల్ పేరు ఇవ్వాలి. చాలామంది అలవాటు కొద్దీ మొదటే ఫైల్ పేరు కొట్టేస్తారు, అలా పని చేయదు. చివర్లో ‘స్లాష్ జె’ ఇస్తే పెద్ద ఫైళ్లు సాఫీగా కాపీ అవుతాయి. పెన్ డ్రైవ్‌లో వేస్తుంటే అది ఫ్యాట్32 కాకుండా చూసుకోండి. అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు.

ఇక కుదించడం. ఫైల్ 2 జీబీ లోపు ఉంటే ‘మేక్‌క్యాబ్’ చాలు. ముందు డంప్ పేరు, తర్వాత కొత్త ఫైల్ పేరు ఇస్తే క్యాబ్ ఫైల్ తయారైపోతుంది. దాన్ని విప్పకుండానే విన్‌డీబీజీలో ఓపెన్ చేయొచ్చు కూడా. అంతకంటే పెద్దదైతే ‘టార్’ వాడండి. విండోస్ 10 1803 వెర్షన్ నుంచి ఇది సిస్టమ్‌లోనే వస్తోంది. టార్ అని కొట్టి, ‘మైనస్ సీజెడ్ఎఫ్’ ఇచ్చి, కొత్త ఫైల్ పేరు, ఆ తర్వాత డంప్ పేరు. గమనించారా, మేక్‌క్యాబ్‌కి ఇది రివర్స్! పేర్లు తారుమారైతే టార్ మీ డంప్ మీదే రాసేసే ప్రమాదం ఉంది. కాబట్టి ఒరిజినల్ జోలికి పోకుండా కాపీ మీదే ప్రయోగాలు చేయండి.

ర్యామ్‌లో ఖాళీ పేజీలు, రిపీట్ అయ్యే డేటా ఎంత ఎక్కువ ఉంటే సైజు అంత బాగా తగ్గుతుంది. తెరిచి ఉంచిన ఫొటోలు, వీడియోల డేటా మాత్రం పెద్దగా తగ్గదు.

పంపాక అవతలివాళ్లకి ఫైల్ సరిగ్గా చేరిందో లేదో తెలియాలంటే ‘సర్ట్‌యుటిల్ మైనస్ హ్యాష్‌ఫైల్’ తర్వాత ఫైల్ పేరు, షా256 అని ఇవ్వండి. రెండు వైపులా ఒకే నంబర్ వస్తే ఓకే.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇంకోటి ఉంది. కంప్లీట్ డంప్ అంటే ర్యామ్ మొత్తం. అప్పుడు టైప్ చేసిన పాస్‌వర్డ్, తెరిచి ఉన్న మెయిల్, ఎన్‌క్రిప్షన్ కీలు కూడా అందులో ఉండొచ్చు. కుదించినంత మాత్రాన అవి దాగవు, ఎవరైనా విప్పి చూడొచ్చు. కెర్నల్ డంప్ అడిగితే అదే పంపండి, అందులో యాప్‌ల మెమరీ ఉండదు కాబట్టి కాస్త నయం. కంప్లీట్ డంపే కావాలంటే మేక్‌క్యాబ్, టార్ వద్దు, వాటికి పాస్‌వర్డ్ పెట్టే వీలు లేదు. 7-జిప్ కమాండ్‌కి ‘మైనస్ పి’ ఇచ్చి లాక్ చేసి, పాస్‌వర్డ్‌ని ఫైల్‌తో పాటు కాకుండా ఫోన్ చేసి చెప్పండి.