‘తొలుచు’ క్రియ: అర్థపరిధి, ప్రయోగ వివేచన

వ్యాససంగ్రహం:
రంధ్రం చేయడాన్ని తెలిపే తెలుగు క్రియలను నిఘంటువులు తరచు పర్యాయాలుగా చూపుతాయి. వాటిలో ‘తొలుచు’ క్రియకున్న ప్రత్యేకార్థాన్ని వృత్తి, వ్యవసాయ, వ్యవహార ప్రయోగాల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: తొలుచు, చెక్కు, పొడుచు, కుట్టు, గుచ్చు, బెజ్జం.

1. ప్రవేశిక

కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని చిలమకూరు రేనాటి చోళుల శాసనం లభించిన గ్రామం. తొలి తెలుగు శాసనంగా ప్రసిద్ధమైన, సా.శ. 575 ప్రాంతపు కలమళ్ళ శాసనం కూడా ఈ మండలానిదే. నేడు చిలమకూరు సున్నపురాయికి, సిమెంటు పరిశ్రమకు పేరొందింది. అంటే ఈ ఊరి రాయి రెండు రకాల పనులను ఎరుగును. శాసనం కోసం దానిపై అక్షరాలు చెక్కారు; గనిలో పేలుడు మందు కూరడానికి దానిని లోతుగా తొలుస్తారు. అక్షరాలను ‘తొలిచారు’ అనీ, మందు కూరే రంధ్రాన్ని ‘చెక్కారు’ అనీ అంటే చెవికి పొసగదు. దీనికి కారణం ఈ క్రియల అర్థంలోనే ఉంది.

2. రూపం, వాక్యనిర్మాణం

‘తొలుచు’ దేశ్య క్రియ. తమిళంలోని ‘తుళై’, ‘తొళ్ళై’ (రంధ్రం) దీనికి సజాతీయాలు. తొలిచి, తొలిచిన, తొలిచే, తొలుస్తుంది మొదలైనవి వాడుక రూపాలు. ద్రుతం తర్వాత సరళాదేశం వల్ల కావ్యభాషలో ‘దొలుచు’ రూపం కనిపిస్తుంది.

ఈ క్రియకు రెండు విధాల కర్మలు ఉంటాయి. ‘కొండను తొలిచారు’ అన్నప్పుడు పదార్థం కర్మ. ‘సొరంగం తొలిచారు’ అన్నప్పుడు ఫలితం కర్మ. ‘బెజ్జం వేయు’ ప్రయోగంలో అలా కాదు. అక్కడ బెజ్జమే కర్మ, పదార్థం ‘కు’ ప్రత్యయంతో చేరుతుంది: ‘పూసకు బెజ్జం వేశాడు’. అలాగే రాతి ‘పై’ చెక్కుతారు, రాతి ‘లో’ తొలుస్తారు. విభక్తి ప్రత్యయమే అర్థభేదాన్ని పట్టి ఇస్తున్నది.

3. సమీపార్థక క్రియలతో పోలిక

పొడుచు: మొనతో ఒక్క వేటున లోనికి దించడం. ‘తూట్లు పొడుచు’ నేడు చట్టాలకు, ఒప్పందాలకు అన్వయించే జాతీయంగా స్థిరపడింది.

కుట్టు: సూది వంటి మొన దిగడం. చెవులు కుట్టడం, బట్ట కుట్టడం, తేలు కుట్టడం ఈ అర్థం నుండి వచ్చినవే. ‘కర్ణవేధ’ అనే సంస్కృత పదానికి వాడుకలో ‘చెవులు కుట్టడం’ అంటాం గాని ‘చెవులు తొలచడం’ అనం.

గుచ్చు: ముల్లు గుచ్చుకున్నప్పుడు మొన దిగుతుంది, పూసలు గుచ్చేటప్పుడు మాత్రం రంధ్రం ముందే ఉంటుంది, దారం ఎక్కించడమే పని.

తొలుచు: పదార్థాన్ని లోపలి నుండి కొద్దికొద్దిగా తీసివేస్తూ ముందుకు సాగడం. ఇందులో కాలవ్యవధి, లోతు, పదార్థనష్టం అనే మూడు లక్షణాలు తప్పనిసరి. ఉండవల్లి గుహాలయాలను కొండను ‘తొలిచి’ నిర్మించారనడం అందుకే సముచితం. ‘మనసును తొలిచే ప్రశ్న’ అన్న లాక్షణిక ప్రయోగానికీ ఇదే మూలం: ఆ ప్రశ్న ఒక్కసారి గుచ్చి పోదు, లోపల ఉండి పని చేస్తూనే ఉంటుంది.

4. పారిభాషిక ప్రయోజనం

వ్యవసాయశాస్త్రంలో ‘కాండం తొలుచు పురుగు’, ‘కాయ తొలుచు పురుగు’ అనే పదాలు ఈ భేదాన్ని చక్కగా నిలిపాయి. పైకి కనిపించేది చిన్న రంధ్రమే. నష్టం లోపల జరుగుతుంది. ‘రసం పీల్చే పురుగు’ నుండి దీనిని వేరుచేసి, తెగులును ఎక్కడ వెతకాలో పేరే రైతుకు చెబుతుంది. దీని స్థానంలో ‘రంధ్రకారక కీటకం’ అని రాస్తే రంధ్రం మిగులుతుంది, లోపలి నష్టం జాడ పోతుంది.

5. ముగింపు

‘రంధ్రము చేయు’ అన్న ఒక్క వివరణతో ఈ క్రియలన్నిటినీ సరిపెట్టడం వల్ల అనువాదాలలో, పాఠ్యపుస్తకాలలో ఏ పనినైనా ‘రంధ్రం చేయడం’ అనే రాసే అలవాటు బలపడుతుంది. నిఘంటుకర్త ప్రతి క్రియకూ సాధనం, చలనం, కర్మ, విభక్తి అనే నాలుగింటినీ చూపగలిగితే పర్యాయాలుగా కనిపించేవి వేటికవిగా నిలుస్తాయి. అందుకు అవసరమైన సామగ్రి గనిలో, పొలంలో, కంసాలి కొట్టంలో నేటికీ సజీవంగా వినిపిస్తున్నది.