ఫోర్‌వీల్ బండ్లలో ట్రాన్స్‌ఫర్ కేసు: గేరు మేలా, గొలుసు మేలా?

రైతు సోదరులు పాత ఫోర్‌వీల్ జీపునో, ట్రక్కునో కొనబోవునప్పుడు ఇంజను శబ్దము విందురు, టైర్లు తట్టి చూతురు. గేరుబాక్సు వెనుకనుండు ట్రాన్స్‌ఫర్ కేసును గూర్చి అడుగువారు అరుదు. బురదలో దిగబడిన బండి గట్టెక్కుట చాలవరకు దానిపైననే ఆధారపడి యున్నది.

గేరుబాక్సు నుండి వచ్చు శక్తిని ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు పంచునది ఈ పెట్టె. ముందుకు పోవు షాఫ్టు కొంత ప్రక్కగా ఉండును. అక్కడికి శక్తిని చేర్చుటకు కొన్ని బండ్లలో గేర్లు వాడుదురు. రెండు గేర్లు కలిసినచో ఎదురు దిక్కులకు తిరుగును గనుక, దిక్కు సరిచేయుటకు నడుమ మరియొక గేరు ఉండును. మరికొన్నింటిలో గొలుసు ఉండును. ఇది సైకిలు గొలుసు వంటిది కాదు. పలుచని ఉక్కు రేకులు ప్రక్కప్రక్కన పేర్చి చేసినది, నూనెలో తిరుగును.

మనకు చిరపరిచితమైన విల్లీస్ జీపులు, ఆ నమూనాలో మహీంద్రా వారు మన దేశములో తయారుచేసిన పాత జీపులు గేరు రకము. వీటిలోని స్పైసర్ 18 పెట్టెలో వెనుక ఇరుసుకు పోవు శక్తియు నడిమి గేరు మీదుగానే పోవును. కనుక రెండు చక్రముల నడకలోను రొద వినిపించును. కొద్దిపాటి రొద రోగము కాదు.

గొలుసు ఎందుకు వచ్చినదో తెలియవలెనన్న అమెరికా ట్రక్కులను చూడవలెను. అక్కడ 1970 ప్రాంతమున న్యూప్రాసెస్ 205 అను పోత ఇనుప గేరు పెట్టె విరివిగా వాడిరి. 1973 చమురు సంక్షోభము తరువాత బండ్ల బరువు తగ్గించవలసి వచ్చెను. 1980 నుండి అల్యూమినియం పెట్టె, గొలుసు గల 208 రకము వచ్చినది. బరువు, రొద రెండును తగ్గినవి. లో రేంజిలో 205 వేగమును సుమారు 2 వంతులు తగ్గించగా, 208 రకము 2.61 వంతులు తగ్గించును. ఆ పని చేయునవి వేరు గేర్లు, గొలుసు కాదు. గొలుసు పెట్టె అనగానే నాసి అని తీసివేయువారు ఈ సంగతి గమనింపరు.

అయితే గొలుసు వాడకమున సాగును. బాగుగా సాగిన గొలుసు బరువు పడినప్పుడు పన్ను దాటి దుముకును, ఠక్కుమని కొట్టును. ఒక్కొక్కప్పుడు పెట్టె గోడను ఒరసి చెరచును. 208 వంటి పెట్టెలలో గొలుసు ముందు ఇరుసుకే పని చేయును; రెండు చక్రముల మీద నడిపి చూచిన ఈ లోపము బయటపడదు. అమ్మువాడు రోడ్డు మీద త్రిప్పి చూపినంత మాత్రమున తృప్తి పడకుడు. మెత్తని దున్నిన నేలలో, ఫోర్‌వీల్ వేసి, లో రేంజిలో, బరువుతో లాగించి చూడుడు. తారు రోడ్డుపై ఈ పరీక్ష వలదు. మలుపులో ముందు, వెనుక చక్రములు పోవు దూరము సమానము కాదు. గట్టి నేలపై చక్రము జారలేక ఆ ఒత్తిడి అంతయు షాఫ్టుల మీద, పెట్టె మీద పడును.

నూనె విషయమున మరింత జాగ్రత్త కావలెను. పాత జీపు పెట్టెకు 90 నంబరు వంటి చిక్కని గేరు ఆయిలు తగును. గొలుసు పెట్టెలు పెక్కింటికి ఆటోమేటిక్ గేరుబాక్సులలో పోయు పలుచని ఆయిలు కావలెను. అందులో చిన్న పంపు ఉండి ఆయిలును బేరింగులకు అందించును. చిక్కనిది పోసినచో సరిగా అందదు. ఏ ఆయిలైన ఒకటేనని మెకానిక్కు చెప్పినను, బండితో వచ్చిన పుస్తకము చూచియే పోయించుడు.

నిత్యము పొలము పనికి, బరువులు లాగుటకు అయినచో నేను గేరు పెట్టెనే కోరుదును. రోడ్డు మీద దూరము పోవు పని హెచ్చుగా ఉన్నవారికి గొలుసు పెట్టె సుఖము. ఏది కొన్నను, బేరము కుదుర్చుకొనుటకు ముందు క్రింది ప్లగ్గు విప్పించి కొంచెము ఆయిలు అరచేతిలో పోసికొని చూడుడు. ఉక్కు పలుకులు చేతికి తగిలినచో పెట్టె విప్పించు ఖర్చును ధరలో తగ్గించి అడుగుడు.